కుదురు నాలుగో వెర్షన్

సుధను ఆఫీసులో అందరూ మ తూజా అంటారు. బర్మాలో మర్యాదకు పేరు ముందు ఆడవాళ్ళకు మ అనీ, పెద్దావిడలకు డా అనీ, మగవాళ్ళకు కో అనీ చేరుస్తారు. బళ్ళో చేర్చిన రోజున టీచరమ్మకు ‘సుధ’ అన్న పేరు నోరు తిరగక, దగ్గరగా వినిపించే బర్మా పేరు తూజా అని రిజిస్టర్లో రాసేసుకుంది. అప్పటినుంచి సర్టిఫికెట్లలోనూ, గుర్తింపు కార్డులోనూ, జీతం కాగితం మీదా అదే పేరు. సుధ అని పిలిచే మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు. ఆమె మేనత్త వెంకమ్మ.

సుధ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మా వచ్చి ఈ ఊరి రేవులో బస్తాలు మోసినవాడు. తండ్రి సిటీ బస్సు నడిపాడు. తల్లి సుధకు తొమ్మిదేళ్ళప్పుడు జ్వరంతో పోయింది, తండ్రి ఆ తర్వాత అయిదేళ్ళకు పోయాడు. అప్పటికే భర్త పోయి ఉన్న వెంకమ్మ, అన్న కూతుర్ని తాకేటా పేటలో తన రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది. పొద్దున్నే వీధి గుమ్మంలో పెనం పెట్టి తోషేలు పోసి అమ్మేది. మన అట్టునే ఇక్కడ తోషే అంటారు. ఆ పెనం దగ్గరే కూర్చుని సుధ చదువుకుంది. కంప్యూటరు డిగ్రీ చేసింది. ఏడేళ్ళ కిందట అదే ఊళ్ళో తామ్వే పేటలో నాలుగో అంతస్తులో ఉన్న ఒక చిన్న కంపెనీలో చేరింది. వెబ్‌సైట్లు తయారు చేసి ఇవ్వడం వాళ్ళ పని.

అప్పట్లో ఆఫీసులో తొమ్మిదిమంది ఉండేవారు. యజమాని డా ఖిన్ సాండా. యాభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడేది. ఇద్దరేసి ముగ్గురేసి ఒక్కో సైటు చేసేవారు. ఒకరిది బస్సు టికెట్ల సైటు, ఒకరిది ట్యూషన్ బడి సైటు, ఇంకొకరిది మందుల దుకాణానిది. ఎవరి బటన్లు వాళ్ళవి, ఎవరి ఫారాలు వాళ్ళవి. ఒక సైటులో నీలంగా ఉన్న బటన్ ఇంకోదాంట్లో ఆకుపచ్చగా ఉండేది. రంగు సంగతి ఎలా ఉన్నా, అన్నింట్లోనూ ఒకే తప్పు ఉండేది. బయట దేశాల్లో ఇంగ్లీషు కోసం చేసిన బటన్లలో బర్మా మాటలు పెడితే కింద వేలాడే అక్షరాలు సగానికి తెగిపోయేవి. ఎవరికి వాళ్ళు ఆ తప్పును మళ్ళీ మళ్ళీ దిద్దుకునేవారు.

అది ఎందుకు తెగుతోందో మిగతావాళ్ళకంటే ముందు సుధకు అర్థమైంది. చిన్నప్పుడు ఆదివారాలు రామమందిరం హాల్లో వెంకమ్మ ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పించింది. పూర్తిగా రాలేదు, కూడబలుక్కుని చదవగలదు. కానీ అక్షరం కింద వొత్తుకు చోటు వదలాలని, వరసకూ వరసకూ మధ్య ఆ ఖాళీ ఉండాలని ఆ గీతల పుస్తకంలోనే తెలుసుకుంది. బటన్ ఎత్తు పెంచితే సరిపోదు, లోపలి వరసకే కింద చోటు ఇవ్వాలి.

“ఇది అందరం తలా ఒకసారి దిద్దుకోవడమెందుకు? ఒకచోట సరిగా చేసి పెట్టుకుంటే, ఏ సైటుకు కావాలన్నా అక్కణ్ణుంచి తీసుకోవచ్చు కదా,” అంది ఒక మధ్యాహ్నం.

ఆ మాట పట్టుకున్నది కో థీహా. సుధ వయసువాడే, ఎదురు బల్ల అతనిది. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. మొదట బటన్, తర్వాత పేరు రాసే గడి, తేదీ ఎంచుకునే పట్టిక, తప్పు జరిగితే కనిపించే ఎర్ర వాక్యం. ఒక్కో భాగాన్ని విడిగా, ఏ సైటులో పెట్టినా ఒదిగిపోయేలా చేయడం. వాళ్ళ పరిభాషలో ఆ భాగాల్ని కాంపొనెంట్లనీ, అవన్నీ చేర్చి పెట్టిన కోడ్‌ను లైబ్రరీ అనీ అంటారు. దానికి పేరు కావాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో ఇంకెవరూ పెట్టుకోని పేరు అయి ఉండాలన్నాడు థీహా.

“కుదురు,” అంది సుధ.

ఎందుకు నోట్లోంచి ఆ మాటే వచ్చిందో ఆమెకు తెలుసు. ఇంట్లో నీళ్ళ కుండ కింద వెంకమ్మ పెట్టే గడ్డి చుట్ట అది. ఏ కుండ తెచ్చి పెట్టినా దొర్లకుండా నిలుస్తుంది. థీహా రెండుసార్లు పలికి చూసుకుని, బాగుందన్నాడు. అర్థం అడగలేదు. మిగతావాళ్ళు జపాన్ మాట అనుకున్నారు. సుధ కాదనలేదు. రోజుకు పాతికసార్లు “కుదురులో ఉందా?”, “కుదురు కొత్త వెర్షన్ వచ్చిందా?” అని బర్మా యాసలో ఆఫీసంతా అంటుంటే, తల వంచుకుని పని చేసుకునేది.

థీహా ఒక నియమం పెట్టాడు. ఒకరు రాసిన మార్పును ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే కుదురులో కలవాలి. అతను చాలా ప్రశ్నలు వేసేవాడు. ఈ పేరు ఎందుకు పెట్టావు, వేలితో నొక్కేవాళ్ళకు ఈ గడి చిన్నది కాదా, చూపు ఆననివాళ్ళ సంగతేమిటి. సుధ ఓపిగ్గా జవాబులు రాసేది. ఎదురెదురుగా కూర్చునే ఇద్దరూ ఇదంతా తెర మీదే రాసుకునేవారు. ఆమె జీవితంలో ఎవరితోనైనా అంత వివరంగా మాట్లాడింది ఆ మొదటి రెండేళ్ళే.

గుర్తింపు కార్డు నంబరు గడి చేసింది కూడా అప్పుడే. ఈ దేశంలో ఆ నంబరు పెద్ద వ్యవహారం. ముందు రాష్ట్రం అంకె, తర్వాత ఊరి పొడి అక్షరాలు, ఆ తర్వాత బ్రాకెట్లో ఒక అక్షరం, చివర ఆరు అంకెలు. ఆ బ్రాకెట్లోది మనిషి ఎలాంటి పౌరుడో చెబుతుంది. ఎక్కువమందికి ‘నాయిం’ అని ఉంటుంది. వాళ్ళు పూర్తి పౌరులు. మూడో తరం కాబట్టి సుధ కార్డులోనూ అదే. వెంకమ్మది నీలిరంగు కార్డు, అందులో ‘ఏ’ అని ఉంటుంది. బర్మా భాషలో ఆ మాటకు అతిథి అని అర్థం. వెంకమ్మ ఈ ఊళ్ళోనే పుట్టింది.

“బ్రాకెట్లో నాయిం ఒక్కటీ పెట్టేద్దాం. నూటికి తొంభైతొమ్మిది మందికి అదే కదా. మిగతావి తరవాత చూద్దాం,” అన్నాడు థీహా.

సుధ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. మా ఇంట్లోనే ‘ఏ’ కార్డు ఉంది అని చెప్పాలి. చెబితే ఎవరని అడుగుతాడు. అత్త అంటే, మీవాళ్ళది ఏ ఊరని అడుగుతాడు. అక్కణ్ణుంచి రేవు, ఓడ, తాత. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ గదిలో ఎవరూ ఆమెను ఒక్క మాట తక్కువచేసి అనలేదు కూడా. అయినా, ఇన్నాళ్ళూ తనను చూసినట్టే రేపూ చూడాలని ఆమెకు ఉంది.

“సరే,” అని రాసింది.

ఆ తర్వాతి ఏళ్ళలో దేశం అల్లకల్లోలమై ఊరు మారిపోయింది. ఆఫీసులో కుర్రవాళ్ళు ఒక్కొక్కరే బ్యాంకాక్‌కీ సింగపూర్‌కీ వెళ్ళిపోయారు. కొందరు చెప్పి వెళ్ళారు, కొందరి బల్లలు సోమవారానికి ఖాళీగా కనిపించాయి. థీహా చెప్పే వెళ్ళాడు. లిఫ్టు పనిచేయని రోజు, నాలుగంతస్తులూ అతనితో దిగి కింద టీకొట్టు దాకా వెళ్ళింది సుధ. “కుదురు జాగ్రత్త,” అన్నాడు. అలాగే అంది. పైకి వచ్చాక అతని బల్ల మీద మిగిలిన ఫోను తీగను చుట్టి సొరుగులో పెట్టింది.

చివరికి ఆఫీసులో సుధ, లెక్కలు చూసే ఒకావిడ, లోపలి గదిలో డా ఖిన్ సాండా మిగిలారు. పాత సైట్లు ఆరు మాత్రం నడుస్తున్నాయి, వాటన్నిటి కిందా కుదురే ఉంది. కరెంటు రోజుకు కొన్ని గంటలే. అది ఉన్న వేళల్ని బట్టి సుధ పని. తాకేటా నుంచి బస్సులో వాగు వంతెన దాటి వచ్చేసరికి కరెంటు పోయి ఉంటే, లాప్‌టాప్‌లో ఉన్న కాస్త బ్యాటరీతో పని చేసేది.

మార్పులు చదివేవాళ్ళు లేకుండా పోయారు. కానీ నియమం కంప్యూటర్లో అలాగే ఉంది, ఇంకొకరు ఒప్పుకోనిదే ఏదీ కలవదు. తీసేయడం సుధకు రెండు నిమిషాల పని, తీయలేదు. డా ఖిన్ సాండాను అడిగి, ఒప్పుకునేవాళ్ళ చోట ఆమె పేరు పెట్టింది. ఆవిడకు కోడ్ రాదు. తన గదిలోంచే చూడకుండా ఆకుపచ్చ బటన్ నొక్కేది, ఒక్క క్షణంలో. అయినా సుధ ప్రతి మార్పుకూ కారణం పూర్తిగా రాసేది. తర్వాత్తర్వాత తనే ప్రశ్నలు కూడా రాసుకోవడం మొదలుపెట్టింది. ‘ఈ గడి వేలికి చిన్నది కాదా?’ అని సాయంత్రం రాసి వెళ్ళిపోయి, మర్నాడు పొద్దున వచ్చి జవాబు రాసేది. మూడేళ్ళు అలా గడిచాయి.

ఈ ఏడు వేసవి ముందు వెంకమ్మ కుడి కంట్లో శుక్లం వచ్చింది. పెనం మీద తోషే అంచు కనబడక రెండుసార్లు వేళ్ళు కాల్చుకుంది. ఊళ్ళో ఒక ఉచిత కంటి ఆసుపత్రి ఉంది. ముందుగా పేరు నమోదు చేయించుకుంటే ఆపరేషన్‌కు తేదీ ఇస్తారు. సుధ సెలవు పెడతానంటే వెంకమ్మ వద్దంది. ఒక్కతే బస్సెక్కి వెళ్ళి, మధ్యాహ్నం మూడింటికి తిరిగి వచ్చింది. ఆ వేళ ఆఫీసులో కరెంటు లేక సుధ ఇంట్లోనే ఉంది.

“ఏటైంది అత్తా? తేదీ ఇచ్చారా?”

వెంకమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇవ్వనేదే. బల్ల కాడి గుంట మంచిదే. నా కార్డు సూసి ఆ పలక లాంటిదాని మీద కొట్టింది. అది ఒప్పుకోనేదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఒప్పుకోనేదు. ‘అమ్మా, మీ కార్డులో అక్షరం ఇందులో నేదు’ అంది.”

“మరి నువ్వేటన్నావు?”

“నానేటంటాను? నా ఎనకాల ఇరవైమంది ఉన్నారు. లెగిసి వొచ్చీసాను.”

ఆ మాటలో కోపం లేదు. వాన పడితే తడిశాను అన్నంత మామూలుగా చెప్పి, చాటలో బియ్యం పోసుకుని ఏరడానికి కూర్చుంది. కంటికి దగ్గరగా పెట్టుకుని ఏరుతోంది.

సుధ లాప్‌టాప్ తెరిచింది. ఆసుపత్రి సైటు తమ కంపెనీ చేసిన ఆరింట్లో ఒకటి, అందులో బ్రాకెట్ సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది. తీసి, అత్త నంబరు కొట్టింది. ఆ నంబరు ఆమెకు నోటికి వచ్చు. బ్రాకెట్ దగ్గర నాయిం ఒక్కటే చెల్లుతుంది, ‘ఏ’ అని కొడితే తీసుకోలేదు. గడి కింద ఎర్రటి అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. ‘మీ కార్డు నంబరు సరిగా లేదు.’ ఆ వాక్యం రాసింది సుధ. ఆ ఎరుపు మరీ గుచ్చుకోకుండా ఉండాలని సగం రోజు కూర్చుని రంగు కుదిర్చింది కూడా సుధే.

లాప్‌టాప్ పక్కకు జరిపింది.

“అత్తా, ఆ గడి నాను సేసిందే.”

“ఏ గడి?”

“నీ నంబరు ఒప్పుకోనిది.”

వెంకమ్మ చాట కిందికి దించింది. “మరి నీకు తెల్దా, నా కార్డు?”

“తెలుసు.”

వెంకమ్మ మళ్ళీ బియ్యం అందుకుంది. రెండు గుప్పెళ్ళు ఏరాక, తల ఎత్తకుండానే అంది, “సరిసేయగలవా?”

“సేస్తాను.”

కోడ్‌లో మార్పు నిజానికి చాలా చిన్నది. ఒక అక్షరం ఉన్నచోట పట్టిక పెట్టడమే. ఏయే కార్డులకు ఏయే అక్షరాలు ఉంటాయో, ఎక్కడో పదిమందికి ఉండేవాటితో సహా, ఒక్కటీ వదలకుండా రాసుకుంది. పరీక్షించడానికి రెండు రోజులు పట్టింది. నంబరును దాచుకునే పద్ధతి మారుతుంది కాబట్టి దీనికి వెర్షన్ నాలుగు అని పేరు పెట్టాల్సి వచ్చింది. ఒకచోట దిద్దితే ఆరు సైట్లలోనూ దిద్దుకుంటుందని ఏడేళ్ళ కిందట తను చెప్పిన మాట నిజమే, కానీ ప్రతి సైటూ కొత్త వెర్షన్ తీసుకోవాలి కదా. ఆసుపత్రి సైటు ఇంకా రెండో వెర్షన్ దగ్గరే ఉంది. దాన్ని నాలుగుకు తెస్తే తేదీల పట్టిక చెదిరిపోయింది, డాక్టర్ల వరస తారుమారైంది. అవన్నీ కూర్చుని సరిచేసింది. ఇన్నాళ్ళూ తనకే తెలియకుండా ఎంతమంది లేచి వెళ్ళిపోయి ఉంటారో లెక్క తెలుసుకుందామని చూసింది. తిప్పి పంపిన నంబర్లను సైటు ఎక్కడా దాచుకోలేదు.

మార్పుకు కారణం రాసేచోట ఎప్పటిలా పొడవుగా రాయబుద్ధి కాలేదు. ‘కార్డు నంబరు గడిలో ఇంతవరకూ ఒకే రకం పౌరులకు చోటు ఉంది. ఇప్పుడు అందరికీ ఉంది. మా ఇంట్లో ఇలాంటి కార్డు ఉంది. అది తెలిసీ నేను అప్పుడు చెప్పలేదు. తప్పు నాది.’ అంతే రాసి పంపించింది.

ఎప్పుడూ క్షణంలో వచ్చే ఒప్పుకోలు రాలేదు. పది నిమిషాలు గడిచాయి. కరెంటు పోయిందేమోనని సుధ పైన దీపం వైపు చూసింది, వెలుగుతూనే ఉంది. లోపలి గది తలుపు తెరుచుకుని డా ఖిన్ సాండా వచ్చి, ఎన్నాళ్ళనుంచో ఎవరూ కూర్చోని థీహా కుర్చీలో కూర్చుంది.

“ఎవరి కార్డు?” అంది.

“మా అత్తది.”

“నీకు అత్త ఉందా?”

“ఉంది. నన్ను పెంచింది ఆమే.”

డా ఖిన్ సాండా సుధ మొహంలోకి చూసింది. ఏడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషిని ఎక్కడ మొదలుపెట్టి అడగాలో తెలియనట్టు ఉంది ఆవిడ వాలకం.

“నీతోనే ఉంటుందా?”

“తాకేటాలో. ఇద్దరమే ఉంటాం.”

“నేను నీకెవరూ లేరనుకున్నాను,” అంది ఆవిడ. బల్ల మీది దుమ్మును వేలితో ఒకసారి రాసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. నిమిషం తర్వాత తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

ఆ సాయంత్రమే సుధ మార్పు తాలూకు లింకును థీహాకు పంపింది. ఎందుకు పంపిందో ఆమెకే సరిగా తెలియదు. అతను ఉద్యోగం మారి మూడేళ్ళు దాటింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ‘బాగా చేశావు. తరవాత చూద్దామన్నది నేనే కదా, మరిచేపోయాను. కానీ మ తూజా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?’

సుధ జవాబు రాయడం మొదలుపెట్టింది. మూడు వాక్యాలు రాసి చెరిపేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ చెరిపేసింది. చివరికి ‘అప్పుడు తోచలేదు’ అని పంపింది. అవతలి నుంచి నవ్వు మొహం బొమ్మ ఒకటి వచ్చింది. అక్కడితో అయిపోయింది.

తర్వాతి వారం సెలవు పెట్టి అత్తతో ఆసుపత్రికి వెళ్ళింది. పొడవాటి హాలు, గోడవార బల్లలు, ముందు ఒక అమ్మాయి పలక లాంటి కంప్యూటరు పట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయికి వెంకమ్మ గుర్తులేదు. కార్డు తీసుకుంది, అంకెలు కొట్టింది, బ్రాకెట్ దగ్గర వేలు పెట్టింది, కిందికి జరిగిన పట్టికలో ‘ఏ’ మీద నొక్కింది. తల ఎత్తకుండానే చీటీ చింపి ఇచ్చింది. “ఎడం పక్క గది, అమ్మా.”

“అయిపోనాదా?” అంది వెంకమ్మ చీటీ పట్టుకుని.

“అయింది.”

“మొన్న దీనికన్నా సేపు పట్టింది, అయినా అవనేదు,” అంది వెంకమ్మ. అని, ఎడం పక్క గదిలోకి వెళ్ళింది. కళ్ళలో చుక్కలు వేసి ఒక గంట లోపలే కూర్చోబెడతారట, తోడు వచ్చినవాళ్ళు బయటే ఉండాలట.

సుధ బల్ల మీద కూర్చుంది. జనం వస్తున్నారు, నంబర్లు చెబుతున్నారు, వెళ్తున్నారు. ఊరి చివర లైంగ్‌థార్యార్ నుంచి బట్టల ఫ్యాక్టరీ చొక్కాలతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, మనవరాలి భుజం పట్టుకుని వచ్చిన ఒక సన్యాసిని. ప్రతి ఒక్కరికీ ఆ అమ్మాయి వేలు సుధ చేసిన గడుల మీద నుంచే నడుస్తోంది. చోటు చాలినంత ఉంది, అక్షరాలు తెగడం లేదు. ఎవరూ తెర వైపు చూడటం లేదు. చూడాల్సిన పనీ లేదు.

ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల లుంగీ, నుదుట విభూతి. కార్డు ఇంట్లో మరిచిపోయాడట, నంబరు మాత్రం చెప్పగలనన్నాడు. అంకెలు గట్టిగానే చెప్పాడు. “బ్రాకెట్లో ఏముంటుంది తాతా?” అని అడిగింది అమ్మాయి. ఆయన ఒకసారి పక్కకు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. అమ్మాయి వేలు కిందికి జరిగి నొక్కింది. చీటీ చేతికి వచ్చాక ఆయన ఇంకా ఏదో అడుగుతుందేమోనని అక్కడే నిలబడ్డాడు. “వెళ్ళి కూర్చోండి, పిలుస్తాం,” అంది అమ్మాయి.

ఆయన బల్లల వైపు తిరిగాడు. సుధ తన సంచీ ఒళ్ళోకి తీసుకుని పక్కకు జరిగింది. ఆయన కూర్చున్నాడు. తెలుగులో పలకరిద్దామా అని ఆమెకు అనిపించింది. ఆయన తెలుగువాడు అవునో కాదో తెలియదు, అరవవాడు కావచ్చు. లోపలి నుంచి పేరు పిలిచేదాకా ఇద్దరూ గోడ మీది ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇచ్చిన తేదీకి ఆపరేషన్ జరిగి వెంకమ్మ కన్ను బాగైంది. పదిహేను రోజులు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పదహారో రోజు పొద్దున్నే పొయ్యి మీద పెనం పెట్టింది. ఆఫీసు మటుకు తామ్వే గదులు ఖాళీ చేసింది. కొత్త సైట్లకు బయట దేశంవాళ్ళు తయారుచేసిన లైబ్రరీ వాడదామని డా ఖిన్ సాండా నిర్ణయించింది, చేసేవాళ్ళు లేనప్పుడు అదే నయమంది. సుధ కాదనలేకపోయింది. పాత ఆరు సైట్లు ఉన్నంతకాలం కుదురును చూసుకోమంది. ఇప్పుడు సుధ ఇంట్లోంచే పని చేస్తోంది. డా ఖిన్ సాండా అప్పుడప్పుడు ఫోన్ చేసి, పని సంగతి అయ్యాక, మీ అత్త ఎలా ఉందని అడుగుతుంది. బాగుంది అంటుంది సుధ. పొద్దున కరెంటు వచ్చే వేళకు వెంకమ్మ గుమ్మంలో బేరాలు చూసుకుంటుంటే, సుధ వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని, ఆ రోజు దిద్దాల్సినవి తెరిచి ఒక్కొక్కటే చదువుకుంటుంది.